రెండో మైకు

మైకులు కలిపే ఆ చిన్న పెట్టె స్విచ్ వేయగానే హెడ్‌ఫోన్స్‌లో ఠప్‌మని ఒక చప్పుడు, వెంటనే తంబురా. నాకైతే దాంతోపాటు మిరియాల కషాయం వాసన కూడా వస్తుంది, మా బేస్‌మెంట్‌లో మిరియపు గింజ లేకపోయినా. అది వైదేహి టీచర్‌గారి వాసన.

అమెరికాలో మేముండే ట్రాయ్‌లో మా తెలుగువాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. టీచర్‌గారి గొంతు పోకముందే రమ, అంటే నేను, దాన్ని పదిలంగా కంప్యూటర్‌లో దాచిపెట్టిందట. పోయిన చలికాలం ఆవిడ సంతాపసభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఇదే చెప్పారు. లేచి నిలబడి, అది అబద్ధం అనబోయాను. సంతాపసభలో వాదనేమిటని మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద ఎవరూ చెయ్యి పట్టుకోరు.

ఆవిడ విజయవాడలో సంగీతం లెక్చరర్‌గా రిటైరై, కూతురు సునీత దగ్గరికి వచ్చేశారు. వాళ్ళది మా వెనక వీధి. నేను నలభై దాటాక ఆవిడ దగ్గర పాట నేర్చుకోవడానికి చేరాను. నా ఉద్యోగం కార్ల కంపెనీలో. కారు లోపల వినిపించే రొద ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుని తగ్గించడం నా పని. మొదటిరోజు ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ తంబురా పెట్టె శ్రుతి సరిచేస్తూ, “అయితే నీకు వినడం రాదన్నమాట. వద్దనుకున్నది మాత్రమే వింటావు” అన్నారు. ఆ మాటకి వారమంతా మండిపోయాను. పై వారం అందరికంటే ముందు వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఆ ముసలావిడ మాట తప్పని నిరూపించాలి కదా మరి. ఇప్పటికీ నిరూపించలేకపోయాను.

కొన్నేళ్ళకి ఆవిడ మెడలో థైరాయిడ్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ తప్పదన్నారు. గొంతుని ఆడించే నరం ఆ పక్కనుంచే పోతుందనీ, దానికి ఏమైనా అయితే పాట సంగతి చెప్పలేమనీ డాక్టరు ముందే చెప్పింది. టీచర్‌గారు కంగారుపడలేదు. వాళ్ళ గురువుగారు స్వయంగా కట్టి, ఆవిడ ఒక్కరికే నేర్పిన తోడిరాగ కీర్తన ఒకటుంది. అది ఆవిడతోనే పోకూడదు, అంతే కావాలన్నారు. సునీత ఫోన్‌లో రికార్డు చేసి చూసింది. ఫోన్ తంబురాని ఫ్యాన్ చప్పుడనుకుని శుభ్రంగా తుడిచేసింది. టీచర్‌గారు విని నావైపు చూశారు. “మీ వాళ్ళ పనే” అన్నారు.

ఇక చూడండి మా హడావుడి. తెలుగు ఇంజనీర్లు ఇద్దరు కలిస్తే ఉప్పు కొనడానికి కూడా ఎక్సెల్ షీట్ తెరుస్తారు. సునీత భర్త కిరణ్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లన్నిటికీ మార్కులు వేసుకుంటూ వచ్చాడు. నేను ఎనిమిది మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ కొందామన్నాను. అంటే మైకు తీగని కంప్యూటర్‌కి కలిపే పెట్టె. పాడేది ఒక్కరే కదా, ఒక మైకు పట్టేది చాలని కిరణ్. వాదించుకుంటూనే ఉన్నాం. ఆపరేషన్ దగ్గర పడుతోంది.

చివరికి సాఫ్ట్‌వేర్లన్నీ ట్రయల్ వేసుకుని లాప్‌టాప్ ఆవిడ ముందే పెట్టాం. తెరవగానే టిక్కు టిక్కుమని తాళం కొట్టేదాన్ని ఆవిడ మొదటే తీసేయమన్నారు. తాళం వేయడానికి తన చెయ్యి ఉందట. ఆ తర్వాతది కిరణ్‌కి బాగా నచ్చింది. శ్రుతి తప్పితే అదే సరిచేస్తుంది. టీచర్‌గారు తోడిలో గాంధారం పాడారు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూ ఉంటుంది. ఆ ఊపే రాగం. సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పనుకుని తిన్నగా చేసి వినిపించింది. కిరణ్ ఉత్సాహంగా, ఎలా ఉంది అత్తయ్యా అని అడిగాడు.

“నా గొంతుని ఇస్త్రీ చేసింది బాబూ. ముడతలన్నీ పోయాయి. రాగం కూడా ముడతల్లోనే ఉండేది.”

అల్లుడు తలవంచుకుని నవ్వాడు. చివరికి అన్నిటికంటే బోసిగా ఉన్న సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాం. ఎర్ర బటన్ నొక్కితే రికార్డు అవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కిరణ్ మార్కుల్లో అది అన్నిటికన్నా కింద ఉంది. ఇంటర్‌ఫేస్ విషయంలో నేనూ ఓడిపోయాను, కిరణూ ఓడిపోయాడు. ఆవిడ రెండు మైకులది కావాలన్నారు. రెండోది తంబురాకా అని అడిగాను. “తంబురాకి తాడెందుకే, గదిలో మోగనీ. ఒకటి నాకు, ఒకటి నీకు. పాఠమంటే ఇద్దరుండాలి” అన్నారు.

మా బేస్‌మెంట్‌లో గోడలకి దుప్పట్లు వేలాడదీసి కూర్చున్నాం. ఇంటర్‌ఫేస్‌ని హార్మోనియం పెట్టుకున్నట్టు తన పక్కనే పెట్టించుకున్నారు. సౌండు పెంచి తగ్గించే నాబుల్లో ఎడమది నా మైకుదనీ, కుడిది ఆవిడ మైకుదనీ ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆవిడ ఒక వరస పాడడం, నేను అనడం. సౌండు ఎర్ర గీత దాటుతుందేమోనని నా కళ్ళు తెర మీద ఎగిరిపడే గీతల మీదే ఉండేవి. ఒక పల్లవి మధ్యలో ఆపేశారు.

“పాడుతున్నావా, స్పీడోమీటర్ చూస్తూ డ్రైవ్ చేస్తున్నావా?”

అని భుజం మీది శాలువా తీసి లాప్‌టాప్ మీద కప్పేశారు. నాకు దిక్కుతోచలేదు. కాసేపటికి చూడ్డానికేమీ లేక కళ్ళు మూసుకున్నాను. నా గొంతు నాకే మొదటిసారి వినిపించినట్టనిపించింది. బావున్నదీ, బాగాలేనిదీ, రెండూ.

అప్పటికే ఆవిడ గొంతు పైస్థాయిలో పగులుతోంది. పగిలినచోట కషాయం ఒక గుక్క తాగి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. పల్లవి, అనుపల్లవి అయ్యాయి. చరణంలో ఎక్కువసేపు నాచేతే అనిపించారు. కీర్తన పూర్తయ్యాక ఆవిడే శాలువా తీసి మడిచి భుజాన వేసుకుని, ఆకలేస్తోందన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే నేను ఫైలు తెరిచాను. పల్లవి, అనుపల్లవి దాకా రెండు గీతలూ ఉన్నాయి. చరణం దగ్గరికొచ్చేసరికి కుడి మైకు గీత చదునుగా ఉంది. చివరిదాకా అంతే. నాబ్ సున్నాకి తిప్పేసి ఉంది. ఆవిడ గొంతు లేదా అంటే ఉంది, కానీ నా మైకులోకి పడినంతే. దూరంగా, నా వెనకాల, తొడ మీద తాళం వేసే చప్పుడుతో పాటు. ఆవిణ్ణి వినాలంటే నా గొంతు దాటుకుని వెళ్ళి వినాలి. రమ పదిలంగా దాచిన గొంతు ఇదీ.

చీరకొంగు తగిలి తిరిగిపోయి ఉంటుందని కిరణ్ అన్నాడు. నా వృత్తి కుదుపులూ కదలికలూనే. కొంగు తగిలితే కాస్త జరుగుతుంది, సున్నా దాకా పోయి ఆగదు. ఆవిడ కోలుకున్నాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను. నా చేతిలోని గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, ఆ గుసగుస గొంతుతోనే, “కాఫీలో పంచదార తక్కువైంది” అన్నారు. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ గొంతు లేకుండా, తాళంతో, కనుబొమలతో నాకు పాఠం చెప్పారు. చరణంలో ఎక్కడ ఆగాలో ఆవిడ వేలు చూసి నేర్చుకున్నాను.

ఇప్పుడు సంవత్సరీకం వస్తోంది, ఆ రోజు ఆ రికార్డింగు వేయాలనుకున్నాం. నా గొంతు తీసేసి అమ్మ గొంతు మాత్రం పైకి తెచ్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, చేద్దామా అని సునీత అడిగింది. కూతురు అడిగితే కాదనడానికి నేనెవర్ని. చేసి చూశాం. తంబురా పోయింది, తాళం పోయింది, గాంధారం మళ్ళీ ఇస్త్రీ అయింది. సునీత కాసేపు విని హెడ్‌ఫోన్స్ తీసేసి, “వద్దు రమా, నువ్వున్నదే వేద్దాం. అందులో అమ్మ ఉంది” అంది. నేను వాదించని కొద్ది విషయాల్లో అదొకటి.

ఆఫీసులో ఇప్పుడు ఏదైనా రొదని తీసేయమంటే ముందు కూర్చుని పూర్తిగా వింటున్నాను. కుర్ర ఇంజనీర్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆదివారాలు సునీత కూతురు మా బేస్‌మెంట్‌కి వస్తుంది. అమెరికా యాసలో “ఆంటీ, నాకు ఈ చరణం రాదు” అంటుంది. లాప్‌టాప్ మీద శాలువా కప్పి, రెండు మైకులూ పెట్టి పాఠం చెబుతాను. ఆ తోడి కీర్తన ఇప్పుడు మా ఇద్దరి గొంతుల్లో ఉంది. చరణం దగ్గర నా చెయ్యి కుడి నాబ్ దాకా వెళుతుంది. తిప్పను. దాని మీద వేళ్ళు ఆనించి ఉంచుతానంతే.

టీచర్‌గారూ, కాఫీలో పంచదార సరిగ్గానే వేశాను, నాకు బాగా గుర్తు. ఇప్పుడైనా చెప్పండి. ఆ రోజు నాబ్ తిప్పింది ఇక పాడాల్సింది నేనే అనా, పగిలిన మీ గొంతు ఎవరికీ మిగలకూడదనా?