పెద్దమ్మ ఎవరినీ క్షమించలేదు

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, పోయిన నెల చనిపోయింది. నాందేడ్‌లో, తన ఇంట్లోనే, పొద్దున టీ తాగుతూ తాగుతూ గోడకు ఒరిగిపోయిందట. నేను హాస్టల్ నుంచి వెళ్లేసరికే గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టేశారు. నవ్వుతున్న ఫోటో, చుట్టూ బంతిపూలు, కింద పెద్ద అక్షరాలతో "క్షమామూర్తికి కన్నీటి నివాళి". దాన్ని కట్టించింది పెద్దమ్మ బావగారు, అంటే ఆమె భర్త, మా పెద్దబాపుకి సొంత అన్న. అందులో ఒక మాట తప్పు. అది దిద్దడానికే ఇది రాస్తున్నాను. మా పెద్దమ్మ ఎవరినీ క్షమించలేదు. ఆయన్నయితే అసలే క్షమించలేదు.

పెద్దమ్మ ఎస్టీ బస్సులో, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సులో కండక్టరు. పెద్దబాపు డ్రైవరు. ఇద్దరిదీ ఒకే డిపో. పిల్లల్లేరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో కిన్వట్ బస్సులో ఒకడు ఆమెను చూసి ఈల వేశాడు. పెద్దమ్మ వాడికి టికెట్టు చింపి ఇచ్చింది. వాడు దిగాల్సిన ఊరు వచ్చింది, బెల్లు కొట్టలేదు. వాడు అరిచాడు, కొట్టలేదు. ముందర స్టీరింగ్ మీద పెద్దబాపు, బెల్లు లేనిదే బ్రేకు వేయని మనిషి. అడవిలో ఆఖరి స్టాపు దాకా తీసుకుపోయి, "ఉతరా భావూ", దిగు అన్నా అని మరాఠీలో ఎంతో మర్యాదగా దింపింది. ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో ఒక మాట అనేది. "బస్సు అందరిది బిడ్డా. కోపం మాత్రం నాదొక్కదానిదే."

నన్ను నాందేడ్‌కు చదువుకు పంపనని మా నాన్న మొండికేసినప్పుడు వచ్చి మా గడపలో కూర్చుంది. "దీని కాలు ఒక్కకాడ నిలవది. నిలవకుంటెనే మంచిది" అంది. నేను సంచి సర్దుకునేదాకా లేవలేదు. ఇవాళ నేను ఎక్కడికైనా ఒక్కదాన్నే బస్సెక్కి పోతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

ఇద్దరూ రిటైరయ్యాక విదేశం చూడాలనుకున్నారు. నాందేడ్ నుంచి ఒక గుంపు వియత్నాంలోని హనోయ్ పోతోందని తెలిసి పేర్లు రాయించుకున్నారు. పెద్దవాళ్లకు చెప్పి పోవడం పద్ధతి కదా అని బాబ్లీ పక్కన సొంతూళ్లో ఉన్న అన్నగారింటికి వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. ఇంటినిండా చుట్టాలు. పెద్దాయన మంచం మీద కూర్చుని అందరికీ వినబడేలా అన్నాడు.

"గొడ్డుదానికి దేశాలు తిరుగుడు ఒక్కటే తక్కువైందా? ఆడ సస్తె పీనుగను ఎవడు మోస్కొస్తడు?"

అందరూ నవ్వారు. పెద్దబాపు నేల చూశాడు. పెద్దమ్మ టీ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, "పోయొస్తం బావా" అంది. ఆ ఇంట్లో వాళ్లు ఆమె ఊరుకుందనుకున్నారు. నాకు కిన్వట్ బస్సు గుర్తొచ్చింది.

హనోయ్‌లో మిగతావాళ్లంతా దుకాణాల మీద పడితే వీళ్లిద్దరూ మెల్లగా తప్పుకున్నారు. "కొత్త ఊరు ఎరుక గావాల్నంటె సిటీ బస్సెక్కి ఆఖరి స్టాపు దాక పోవాలె, అదే బస్సుల మర్లి రావాలె" అనేది పెద్దమ్మ. అంతే చేశారు. కానీ ముందు బస్‌స్టాపు రోడ్డుకు అవతల ఉంది. స్కూటర్లు ఏరులా పారుతున్నాయి. జన్మంతా బస్సు నడిపిన పెద్దబాపు అక్కడ అడుగు వేయలేక నిలబడిపోయాడు.

"నువ్వు స్టీరింగ్ మీద ఉన్నన్ని దినాలు మంది నీ ముంగట కెల్లి దాటలేదా? ఇయ్యాల నీ వంతు, నడువు" అని చేయి పట్టుకుని దాటించిందట. స్కూటర్లన్నీ పక్కనుంచి తప్పుకుని పోయాయట, ఒక్కడూ తిట్టలేదట.

బస్సులో పెద్దబాపు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు దానంతటదే కిందికి నొక్కుకునేది. టికెట్లు ఇచ్చేది ఒక ఆడమనిషి. ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దమ్మ ఫోన్‌లో ఖాకీ చీరలో డ్యూటీ మీదున్న తన పాత ఫోటో తెరిచి చూపించింది. ఆ అమ్మాయి ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూసి, లేచి, తన సీట్లో ఈమెను కూర్చోబెట్టింది. "ఆ సీట్ల కూసుంటె మల్ల డ్యూటీ ఎక్కినట్టే అనిపించింది" అనేది పెద్దమ్మ. ఆఖరి స్టాపులో ఊరు అయిపోయి మళ్లు వచ్చాయి. కొందరు ఆడవాళ్లు గట్టు మీద కట్టలు కడుతున్నది చూస్తే మన తూటికూర. తిరిగొచ్చి గుడ్డు గిలకొట్టి పోసిన కాఫీ తాగారు. "కాఫీల గుడ్డేందే" అంటూనే పెద్దబాపు ఇంకో కప్పు అడిగాడట.

ప్రతిచోటా ఒక ఫోటో. ప్రతి ఫోటో చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి. ప్రతిదాని కింద ఒకటే మాట: "ఇంకా బతికే ఉన్నం బావా."

తిరిగొచ్చాక ఊళ్లో మావంద పెట్టింది. కాశీకి పోయొచ్చినవాళ్లు ఊరందరికీ పెట్టే భోజనం అది. "కాశి గాదు, రామేశ్వరం గాదు. గిది తింటె పాపం" అని పెద్దాయన ఇంటింటికీ చెప్పించాడు. ఒక్కరూ రాలేదు. మేం ముగ్గురం విస్తర్లు వేసుకుని తిన్నాం. మిగిలిందంతా చెరకు కొట్టేవాళ్ల గుడిసెలకు పంపి, గుండిగలు తోముతూ పెద్దమ్మ నాతో అంది. "మావంద సంగతి ఇడిసిపెట్టు. గొడ్డుది అన్న మాట ఆయన నలుగుట్ల వాపస్ తీస్కోవాలె. నేను సచ్చినంకనన్నా సరే."

పెద్దమ్మ పోయిన మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టాం. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. మటన్ పెట్టారు, జొన్నరొట్టె పెట్టారు, గ్లాసులో టీ పోశారు. కాకి తుమ్మచెట్టు మీద కూర్చుంది కానీ దిగదు. ఒక్కొక్కరే దండం పెట్టి మాటిచ్చారు. పెద్దబాపును మేం చూసుకుంటాం అని ఒకరు, ఏడాది ఏడాదికీ అన్నదానం చేస్తాం అని ఒకరు. దిగలేదు. ఇసుక కాలిపోతోంది.

"ఆమె కోరిక ఏందో నాకెరుక" అన్నాను. "పెద్దాయన ఆ రోజన్న మాట వాపస్ తీస్కోవాలె."

"ఆడివిల్లవు, ఊకో" అన్నాడాయన. "నువ్వు మా ఇంటి పిల్లవు సుత గాదు."

ఆయన భార్యే అందుకుంది. "ఒక్కమాట అనుండ్రి. ఎంతసేపు నిలవడుదుం ఎండకు?"

మిగతావాళ్లు కూడా ఆయన వైపే చూస్తున్నారు. ఇక తప్పక ఆకు దగ్గరికి నడిచాడు. చేతులు సగం జోడించాడో లేదో, కాకి దిగింది. ఆకు చుట్టూ తిరిగింది. మటన్ ముక్క వైపు మెడ చాపింది. అందరూ ఊపిరి వదిలారు. ఆయన చేతులు విడిపోయాయి. మొహంలో నవ్వు మొదలవుతోంది.

నేను చున్నీ తీసి గట్టిగా విసిరాను. ముట్టకుండానే కాకి లేచిపోయింది.

"పిచ్చి లేసిందానే నీకు?" అని మా అమ్మ నా రెక్క పట్టుకుంది. పిట్టకు పెట్టిన దగ్గర పిట్టను తరిమినవాళ్లు మా చుట్టాల్లో ఇంతవరకూ లేరు. అప్పుడు పెద్దబాపు తలెత్తాడు. "మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత అన్నవైపు తిరిగాడు. "అను అన్నా."

"అన్నది తప్పే. వాపస్ తీస్కుంటున్న."

"ఏ మాట?" అన్నాను.

"గొడ్డుది అన్న మాట."

నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని చూసుకున్నాను కూడా. కాకి తుమ్మచెట్టు మీదికి చేరి రెక్క సందులో ముక్కుతో గీరుకుంటోంది. దానికి తొందరేం లేదు. "దానికి ఇనవడలేదేమో, ఇంకోపారి అనుండ్రి" అంది ఆయన భార్య. ఆయన మళ్లీ అన్నాడు. ఈసారి గట్టిగా. మళ్లీ ఒకసారి. కాలిపోతున్న ఇసుకలో ఒక కాలు తీసి ఒక కాలు వేస్తూ, చేతులు జోడించి, పైకి చూస్తూ ఆ మనిషి ఆ మాటే అంటున్నాడు. కాకి ఆయన వైపు చూడడం లేదు.