అన్నా నేనూ, చుక్కల బంగ్లా

మొన్నామధ్య మా అమ్మాయి వెలిమెల వైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు చూడాలంటే తోడు వెళ్ళాను. ఫ్లాట్లు అమ్మే కుర్రవాడు మమ్మల్ని పై అంతస్తు బాల్కనీలో నిలబెట్టి, దూరాన గుట్ట మీద తెల్లగా మెరుస్తున్న గుండ్రటి కప్పును చూపించి, అది కనబడుతుంది కాబట్టే ఇటువైపు ఫ్లాట్లకు గిరాకీ ఎక్కువని చెప్పాడు. నా ఉద్యోగపు తొలి ఏళ్ళు ఆ కప్పు కిందే గడిచాయనీ, దాని మూలంగా నేనూ మా అన్నా ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదనీ ఆ పిల్లవాడితో చెప్పి ఏం లాభం?

మా ఊళ్ళలో దాన్ని చుక్కల బంగ్లా అనేవారు. నిజాము కాలంలో నక్షత్రాల పిచ్చి ఉన్న ఒక జాగీర్దారు కట్టించాడట. ఆయన పోయాక కొన్నాళ్ళు గబ్బిలాల పాలై, ఆ తర్వాత సర్కారు చేతికి వచ్చి వేధశాల అయింది. లోపల నిలువెత్తు దుర్భిణి, పైన ఇనుప పట్టా మీద తిరిగే కప్పు. గొలుసు గుంజితే కప్పు గరగరమంటూ తిరిగేది, దానికున్న కిటికీ తెరిస్తే ఆకాశంలో ఒక ముక్క మా ముందుకు దిగేది. ఎనభైల మొదట్లో, ఇంటరు పాసైన కొత్తలో, నేను అక్కడ సహాయకుడిగా చేరాను. చుక్కలను చూస్తూ కూర్చోవడానికి సర్కారు మనిషిని పెట్టుకుంటుందంటే మా అమ్మ చాలా రోజులు నమ్మలేదు, నేనేదో చెప్పరాని పనిలో చేరానని లోలోపల దిగులు పడింది.

నాన్న చిన్నప్పుడే పోతే, అన్న తన చదువు మానేసి, పటాన్‌చెరు దిక్కు కొత్తగా వచ్చిన ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చేరి, ఆ కూలితోనే నన్ను చదివించాడు. ఎంత ఉతికినా పోని ఘాటు వాసన ఒకటి అతని చొక్కాలకు పట్టి ఉండేది. ఇద్దరికీ ఒకటే సైకిలు కాబట్టి పొద్దుగూకే వేళ నన్ను వెనక కూర్చోబెట్టుకుని గుట్ట కింద దింపి తను షిఫ్టుకు పోయేవాడు. పైన మెట్ల మీద నిలబడి మా పెద్దసారు రోజూ మమ్మల్ని చూసేవారు. ఆయన పట్నం మనిషి, మితభాషి, భార్యాపిల్లల కన్నా ఆ దుర్భిణితోనే ఎక్కువ కాలం గడిపినవారు.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ వాళ్ళు గుట్టకు దగ్గరగా రెండో యూనిట్ పనులు మొదలుపెట్టారు. ఎత్తైన స్తంభాలు పాతి దీపాలు పెట్టారు, అవి నేల కన్నా ఆకాశాన్నే ఎక్కువ వెలిగించేవి. పైగా పొగ. సారు వెళ్ళి దీపాలకు పైన మూతలు పెట్టమని అడిగారు. వాళ్ళు వినకపోతే పై అధికారులకు రాశారు. అంతే, బంగ్లా సారు కొత్త యూనిట్ ఆపిస్తున్నాడని, అది ఆగితే కాంట్రాక్టు వాళ్ళెవరూ పర్మినెంటు కారని ఫ్యాక్టరీలో మాట పుట్టింది. ఎవరు పుట్టించారో చెప్పలేను. అప్పుడు వదిన కడుపుతో ఉంది, పర్మినెంటు కావలసిన వాళ్ళలో అన్న పేరుంది. సారు అడిగింది మూతలేనని నేను అన్నం ముందు కూర్చుని ఎంత చెప్పినా అన్న నమ్మలేదు.

"పెద్ద సదువులోళ్ళు ఒకటి అడిగి ఇంకోటి జేస్తరు తమ్మీ. నీకు తెల్వది," అన్నాడు.

ఒక మధ్యాహ్నం కాంట్రాక్టు వాళ్ళు గుంపుగా గుట్టెక్కి వచ్చారు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఎదురుగా, చేతిలో గడ్డపారతో, మా అన్న.

"నువ్వు జరుగు. మీ సారు మా పొట్ట మీద కొడుతుండు."

వెనకనుంచి సారు ముందుకొచ్చి, దీపాలు తీసేయమనలేదు నాయనా, పైన మూత పెట్టమన్నాను అన్నారు. ఆ గొంతు ముందు వరుస దాటి వినబడలేదు. అన్న నన్ను భుజం పట్టి పక్కకు తోసి, నిచ్చెనెక్కి, కప్పు తిరిగే పట్టా కింద గడ్డపార పెట్టి ఎత్తాడు. ఇనుము వంగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పోలీసులు వస్తే సారు, మనుషులు చాలామంది, ముఖాలు గుర్తులేవు అని చెప్పారు. రోజూ మెట్ల మీదనుంచి చూసిన ముఖం ఆయనకు గుర్తులేకపోవడమేమిటి? తర్వాత దుర్భిణిని గడ్డి చుట్టి పెట్టెల్లో పెట్టి లారీలో తీసుకుపోయారు, సారును ఎక్కడికో బదిలీ చేశారు, నన్ను పట్నంలో ఆఫీసు పనికి వేశారు. అన్న పర్మినెంటు అయ్యాడు. నేను ఊరికి వెళ్ళినప్పుడు అమ్మ మా ఇద్దరికీ వేర్వేరు వేళల్లో అన్నం పెట్టేది, మధ్యలో తాను ఎప్పుడు తినేదో మేమిద్దరం చూడలేదు. నా పెళ్ళికి అన్న వచ్చి, పందిరి చివర నిలబడి, అక్షింతలు వేసి వెళ్ళిపోయాడు.

ఊరి బావుల్లో నీళ్ళు తుప్పు రంగుకు తిరిగాయి, అన్నకు దగ్గు పట్టుకుంది. కొన్నేళ్ళకు ఫ్యాక్టరీయే మూతపడింది.

రెండు వేల సంవత్సరం దాటాక, పాత కట్టడాలను బాగుచేసే ఆలోచన సర్కారుకు వచ్చి, చుక్కల బంగ్లాకు మళ్ళీ సున్నం పడింది. దుర్భిణిని గోదాములోంచి తీసి తుడిచారు. కప్పు మాత్రం కదలలేదు. దాన్ని తిప్పి ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని ఆఫీసువాళ్ళు నన్ను పంపారు. వెళ్ళేసరికి పట్టా పక్కన, వంగిన ఇనుమును సాగగొడుతూ, రోజుకూలీకి వచ్చిన ఫిట్టర్లలో మా అన్న. తలంతా నెరిసిపోయింది. నన్ను చూసి సుత్తి ఆపాడు, జరిగి చోటిచ్చాడు.

"గొలుసు ఎటు గుంజాలె?" అన్నాడు.

ఎడమకని చెప్పాను.

"జెర పట్టు మరి."

ఇద్దరం కలిసి గుంజాం. మూలుగుతూ, ఆగుతూ కప్పు కదిలింది. అన్న తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, మీ సారు ఉన్నాడా అని అడిగాడు. పోయారని చెబితే ఆ తువ్వాలను చాలాసేపు ముఖం మీదనుంచి తీయలేదు.

ప్రారంభం నాడు పెద్దలందరూ వచ్చి, చూసి, కార్లెక్కి వెళ్ళారు. పనివాళ్ళు బయట టెంటు కింద ఉన్నారు. చీకటి పడుతుండగా నేను అన్నను లోపలికి పిలిచి, శనిగ్రహాన్ని దుర్భిణికి చిక్కించి, కన్ను పెట్టమన్నాను. పుట్టినప్పటినుంచీ ఆ గుట్ట నీడన బతికినవాడు, అందులోంచి చూడడం అదే మొదలు. మా రోజుల్లో ఊరివాళ్ళను లోపలికి రానిచ్చే ఆనవాయితీ లేదు, దుమ్ముకు అద్దాలు పాడవుతాయని. ఉంగరం చుట్టుకుని మెరుస్తున్న ఆ చిన్న గోళాన్ని అన్న ఊపిరి బిగబట్టి చూశాడు, దగ్గు వస్తే పక్కకు తిరిగి దగ్గి మళ్ళీ చూశాడు.

"గిది మాకు గప్పుడే సూపెట్టి ఉంటే నేను గడ్డపార ఎత్తకపోదును తమ్మీ," అన్నాడు చివరికి.

మరుసటి ఏడు అన్న పోయాడు.

ఇప్పుడు టికెట్టు కొన్న ఎవరినైనా లోపలికి రానిస్తున్నారు. కానీ బీరంగూడ నుంచి ఇటు దాకా పరుచుకున్న వెలుతురులో పైన మిగిలిన చుక్కలు కొద్దిగానే, తక్కినవి తెర మీద బొమ్మలుగా చూపిస్తారట. ఆకాశం నిండుగా ఉన్న కాలంలో ఆ తలుపు మావాళ్ళకు మూసి ఉండేది. తలుపు తెరిచే నాటికి ఆకాశం సగం పోయింది. ఆ రెండు కాలాల మధ్య మా అన్నకు దొరికింది ఒక్క సాయంత్రం, అంతే.