బోటీ కూరలో జువాలజీ పాఠం

మా ఆడపడుచు భర్తది యలమంచిలి. పోయినసారి నర్సీపట్నం మా ఇంటికి వచ్చినప్పుడు, బోటీ కూర వాసనొస్తోందని ముద్ద కలిపి వదిలేశారు. అల్లుడు కంచం ముందు నుంచి లేచిపోతే మా అత్తగారికి తల కొట్టేసినట్టే. అందుకే ఈ ఆదివారం పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని, మేక పేగుల్ని పుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ పట్టించి కసిగా రుద్దుతున్నారు. "ఈపాలి తినకపోతే సూడు!"

నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. నోరు ఊరుకుంటుందా?

"అత్తమ్మా, ఆ మెత్తటి నూగు చూశారా? చూషకాలంటారు. ప్రోటీన్ అరిగి అమైనో ఆమ్లాలయ్యాక ఈ నూగులోంచే ఒంట్లోకి వెళ్తుంది. ఆ ఆమ్లాల్లో చాలావాటికి ఉప్పులో ఉండే సోడియం తోడు రావాలి. రెండు మూడు అతుక్కుని ఉన్నవైతే కలిసే లోపలికొచ్చి, అక్కడ విడిపోతాయి."

"ఓలమ్మ! ఏరు కాపరం లోపలికెల్లాక పెడతాయన్నమాట," అన్నారు అత్తగారు రుద్దుతూనే.

బోటీ అంటే నాకు ప్రాణం. కానీ అల్లుడుగారు తిన్నాకే మా వంతు. మధ్యాహ్నం ఘుమఘుమలు పీలుస్తూ గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మొదటి ముక్క నోటి దాకా తెచ్చారు. సరిగ్గా అప్పుడే అత్తగారు గర్వంగా అందుకున్నారు.

"బాబూ, లోపల నూగంతా గీకీసినాను. ఆ మేక తిన్న ఆకూ అలమా సారవంతా దాన్లోంచేనట ఒంట్లోకెల్లేది. మా కోడలు సెప్పింది."

ముక్క గాల్లో ఆగిపోయింది. మా ఆయన నన్ను కొరకొరా చూశారు. అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంక అయిపోయింది, అల్లుడుగారు మళ్ళీ లేచిపోతారు, ఆవిడ ఏడాదిపాటు నన్ను దెప్పుతారు అనుకున్నాను.

"అంటే చెల్లెమ్మా, ఈ పేగు ఇప్పుడు నా పేగులోంచి ఒంట్లోకి పోద్దా?" అని అడిగారాయన.

"అవునన్నయ్యా. కానీ అరిగిపోయాక అది మేకో, కందిపప్పో మీ పేగుకి తేడా తెలీదు. ఏ ప్రోటీన్ అయినా విడిపోతే అవే ఆమ్లాలు."

"సూసినావా బాబూ! కడుపుకి లేని అసయ్యం నోటికెందుకు?" అన్నారు అత్తగారు.

ఆయన పకపకా నవ్వి ముక్క నోట్లో వేసుకున్నారు. మళ్ళీ వడ్డించుకున్నారు. మళ్ళీ. గరిటె గిన్నె అడుగు గీకుతున్న చప్పుడుకి మెడ చాచి గిన్నెలోకి తొంగిచూశాను. అత్తగారి మొహం మాత్రం వెలిగిపోతోంది.

చివరికి మా వంతు వచ్చింది. గిన్నెలో మసాలా మరక తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్తగారు నా కంచంలో గరిటెడు పప్పు వేశారు.

"బేగి తినమ్మా. నీ పేగుకి మాత్రం తేడా తెలుస్తాదేటి?"