ఇళ్ళ లోపలి దారి

స్టీవెనేజ్ స్టేషన్‌లో లండన్ రైలు కోసం కూర్చుని, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో చూడాల్సినవి ఫోన్‌లో తెలుగులో రాసుకుంటున్నాను. కొండమీద చర్చి, రెండు నదులు, రోమన్ల నాటి రంగస్థలం. ఒంటరిగా తిరిగే మనిషికి కనీసం జాబితా అయినా ఉండాలి కదా.

ఇళ్ళకెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే కేర్ పనివాళ్ళ యూనిఫామ్ మీద కోటు వేసుకున్న ఒకావిడ పక్క సీట్లోంచి తొంగిచూసింది.

"లియోన్ వెళ్తన్నావామ్మా? పాత ఊళ్ళో తలుపులు తోసి చూడు. ఇళ్ళ లోపల్నించే ఇంకో వీధిలోకి పోవచ్చంట."

"మీరు చూశారా ఆంటీ?"

"నేనెక్కడ! నేను చూసుకున్న పెద్దావిడది ఆ ఊరు. రోజూ పొద్దున్నే తల దువ్వుతుంటే అదే చెప్పేది. మతి తప్పిన మనిషి కదా, ఊఁ ఊఁ అనేదాన్ని. రోటాలో, అదే మా డ్యూటీ పట్టీలో, ఆమెకి అరగంటే. ఒక్కసారి కూడా నమ్మలేదమ్మా. మొన్న చనిపోయింది."

కాసేపు తన చేతులు చూసుకుంది.

"నిజంగా ఉందేమో చూడు."

ఇంతలో అవతలి ప్లాట్‌ఫామ్ మీదికి ఆమె రైలు వచ్చింది. పరుగున వెళ్ళిపోయింది.

లియోన్‌లో మూడో రోజు ఒక పాత ఆకుపచ్చ తలుపు తోశాను. లోపల చీకటి, తడి రాళ్ళ వాసన. గోడ తడుముకుంటూ నడిస్తే, అవతల ఎండలో ఇంకో వీధి.

ఫోటో తీశాను. పంపుదామంటే ఆమె నంబరు లేదు, పేరైనా అడగలేదు. మూడు రోజులుగా ఎవరితోనూ తెలుగు మాట్లాడని గొంతుతో, ఆ ఖాళీ వీధిలో పైకే అన్నాను.

"ఉంది ఆంటీ."