ముందే తీసిన తుమ్మికూర

ఒక్కతే ఆడమనిషి హోటల్లోకి వెళ్లి భోజనం అడిగితే, ముంబై దగ్గరి మా భివండిలో ఇప్పటికీ వెయిటరు ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూస్తాడు. "ఏక్‌హీ?" అంటాడు, ఒక్కరేనా అని. ఏక్‌హీ రా నాయనా, ఎన్ని ఆదివారాలు చెప్పాలి నీకు!

రెండేళ్లుగా ఆదివారం ఆదివారం నేను బయటే తింటున్నాను. శ్రావణమంతా నీసు ముట్టను కనుక, ఊళ్లో శాకాహారం ఎక్కడ బాగుంటుందో నన్నడగండి చెబుతాను. బస్టాండు దగ్గర గుజరాతీవాళ్ల హోటల్లో పప్పు తియ్యగా ఉంటుంది. నాకు గిట్టదు. అయినా పోతాను, పంకా కింద కూర్చోబెడతారని. బజారు సందులో ఒక మరాఠీ ఆవిడ జొన్నరొట్టెతో పచ్చిమిర్చి ఠేచా పెడుతుంది, అచ్చం మన తొక్కే. తిన్నంతసేపూ బాగానే ఉంటుంది. చెయ్యి కడుక్కున్నాకే దిక్కు తోచదు.

ఇంట్లో వండుకోవచ్చు కదా అంటారు. పనివాళ్లతో కలిపి పదకొండు మందికి వండిన చెయ్యి ఇది, ఒక్కదానికి బియ్యం పొయ్యడం దీనికి రాదు. ఆ వంట నేనూ మా యారాలూ కలిసి చేసేవాళ్లం. యారాలంటే మా బావగారి భార్య. నేను అక్కా అనేదాన్ని, తను చెల్లె అనేది. అన్నదమ్ములిద్దరి మరమగ్గాలూ ఒకే షెడ్డులో నడిచేవి. ఆ మోతలో అరిచి అరిచి మా గొంతులు ఎట్లా తయారయ్యాయంటే, మేం గుసగుసలాడినా వీధికంతా వినబడేది. నాకు పిల్లలు లేరు. ముందు మా ఆయన పోయాడు, ఆ తరువాత మగ్గాలు పోయాయి. అక్క కొడుక్కి కాల్హేర్ గోదాముల్లో పని దొరికితే వాళ్లంతా అటు మారారు. అయినా పండుగలకు అక్క వచ్చేది. ఆ రాకపోకలు ఆగిపోయింది మాత్రం నా నోటి వల్ల.

బావకు జబ్బు చేసినప్పుడు అక్క చర్చికి పోవడం మొదలుపెట్టింది. నేనేమీ అనలేదు. రెండేళ్ల కిందటి వినాయక చవితికి వచ్చి, నాతో కూర్చుని తుమ్మికూర ఏరింది. తెల్లపూల చిన్న మొక్క అది. చవితినాడు ఆ కూర తినకపోతే మావాళ్లకు పండుగ చేసినట్టే ఉండదు. కూర ఉడుకుతుంటే అక్క మెల్లగా అంది. "చెల్లె, దేవునికి పెట్టింది నేను తినొద్దు. పెట్టకముందుగాల నాది జర తీసి పక్కకు పెడ్తవా?"

నాకు ఒళ్లు మండింది. "దేవుని కంటె ముందు నీకు తియ్యాల్నా? దేవునికి ఎంగిలి పెట్టాల్నా? మా దేవుడే వద్దన్నోళ్లకు మా కూరెందుకు?" అన్నాను. అక్క చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ తను రాలేదు. నేనూ పోలేదు.

ఈ ఏడు చవితికి ముందు ఆదివారం ఊళ్లో రాన్‌భాజీ మేళా పెట్టారు. వానాకాలం అడవిలో మొలిచే కూరల పండుగ. హాలు నిండా బల్లలు, చిన్న చిన్న ప్లేట్లు, ఫోన్లతో ఫొటోలు. నేను నాలుగు రకాలు తిన్నాను. బోడకాకర వేపుడు ఎంత బాగుందో! "ఇది చూడవే" అందామని పక్కకు తిరిగాను. పక్కన స్తంభం ఉంది.

చివరి బల్ల దగ్గర మా ఆకుల ఆవిడ కనబడింది. ఏళ్ల తరబడి బజారులో మాకు తుమ్మికూర తెచ్చిపెట్టిన ఆదివాసీ మనిషి. కొత్తలో అక్క ఆమె గంప ముందు కూర్చుని, వచ్చిన నాలుగు మరాఠీ ముక్కలూ కూడగట్టుకుని "తుమ్మి ఆహే కా?" అని అడిగింది. తుమ్మి ఉందా అని అక్క ఉద్దేశం. మరాఠీలో తుమ్హీ అంటే మీరు. మీరేనా అని అడిగినట్టయింది. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని "మీచ్ ఆహే!" నేనే మరి, అని పడీపడీ నవ్వింది. ఆ ఆకును వాళ్లు కుంభా అంటారట. ఆనాటి నుంచి మా ఇద్దరికీ ఆమె పెట్టిన పేరు తుమ్హీ.

"అరే తుమ్హీ! ఏక్‌టీచ్?" అంది నన్ను చూసి. ఒక్కదానివేనా అని. వెయిటరు అడిగితే కోపం వస్తుంది, ఈమె అడిగితే రాలేదు. అక్క ఊరికి పోయిందని చెప్పాను.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. పొద్దున్నే అక్క వచ్చి ఆకు కొనుక్కుపోయిందట. రెండోది ఏదని అడిగితే, చెల్లె ఊరికి పోయిందని చెప్పిందట. "దోఘీ ఖోటారడ్యా!" అంది, ఇద్దరూ అబద్ధాలకోర్లే అని, ఆకు కట్ట నా సంచిలో పడేస్తూ. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నేళ్లు ఒకే పొయ్యి దగ్గర ఉన్నాం కదా, అబద్ధం కూడా ఇద్దరికీ ఒకటే వచ్చింది.

చవితినాడు తలస్నానం చేసి, పెసరపప్పు వేసి కూర వండాను. మట్టి గణపతి పీట మీద ఉన్నాడు. గరిటె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నైవేద్యానికి ముందు ఉప్పు కూడా చూడనిదాన్ని. "ఏమన్న అనుకో అయ్యా, నీకు ఊరంత పెడ్తరు" అని, మొదటి గరిటె డబ్బాలో వేశాను. దీపం వెలిగించి కూర్చుంటే మళ్లీ పంతం లేస్తుందని భయమేసి, పూజ చెయ్యకుండానే తాళం వేసి ఆటో ఎక్కాను.

కాల్హేర్‌లో మూడంతస్తులు ఎక్కేసరికి కాళ్లు లాగాయి. అక్కే తలుపు తీసింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గడప బయటే నిలబడి డబ్బా చాపాను.

"అక్కా, ఇది నీది. దేవునికి పెట్టకముందే తీసిన. నాది తప్పయింది."

డబ్బా అందుకుంది. మూత తీసి వాసన చూసింది. లోపలికి రమ్మంటుందనుకున్నాను. నా మొహం వంకే చూస్తూ, "దేవునికి ఇంక పెట్టలేదా? అంటె నువ్వు గూడ తినలే?" అంది.

"లే."

"పొద్దటి సంది?"

"లే."

"నీకు షుగరున్నది గదనే! పిచ్చి పట్టిందా ఏంది? పో, జల్ది పో. నీ దేవుడు ఆకలిగున్నడు, నువ్వు ఆకలిగున్నవు. తిన్నంక ఫోన్ చెయ్యి."

మెట్ల మీది నుంచి నన్ను తోసెయ్యడం ఒక్కటే తక్కువ. ఆటోలో కూర్చున్నాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తిన్నావా అని నన్నొక మనిషి అడిగి రెండేళ్లయింది.