ఇదేం రంగు, చెల్లెమ్మా?

కుక్కుటేశ్వరరావుకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పువ్వు కనిపిస్తే చాలు, దాని రంగేమిటో అదే ఇంట్లో పనిచేసే మద్దమ్మని అడగాలి. మామూలు మనిషైతే పోనీలే అనుకోవచ్చు. ఈయన పిఠాపురంలో పుట్టి, కడియం నర్సరీల్లో పాతికేళ్ళు మొక్కలు పెంచి, ఇప్పుడు కువైట్‌లో, ఫింటాస్ అనే పేటలో ఒక కువైటీల ఇంటికి తోటమాలి.

రోజూ పొద్దున ఏడింటికి మద్దమ్మ చెత్తబుట్టతో వంటింటి గడప దాటగానే కేక వినిపించేది.

"చెల్లెమ్మా, ఓసారిటొచ్చి చూసిపెట్టు. ఇదేం రంగంటావ్?"

"ఎరుపు గదన్నా."

"ఆయ్, ఎరుపేనా? నేనింకా ఏదో అనుకున్నాను."

రాయచోటి దగ్గర పల్లె నుంచి ఇంటిపనికి వచ్చిన మద్దమ్మ, కొత్తలో దిగులు మొహంతో ఆ ఒక్క ముక్కా చెప్పి వెళ్ళిపోయేది. పోనుపోనూ ఒళ్ళు మండింది. ఒకరోజు కావాలనే ఎర్రటి పెటూనియాని చూసి "ఆకుపచ్చ" అంది. ఆయన గంభీరంగా తలూపాడు. "అవునవును. ఈ ఏడు ఆకుపచ్చవే ఎక్కువ పూస్తున్నాయి."

మద్దమ్మ గుండె కరిగిపోయింది. పాపం, మనిషికి రంగులు తెలియవు! తోటమాలికి ఆ లోటుందని తెలిస్తే వీసా ఇచ్చిన కఫీల్ ఉంచుకుంటాడా? ఆ రహస్యాన్ని ఆమె కడుపులో పెట్టుకుని దాచింది.

రంగులు తెలియకపోతేనేం, తోటలో ఒక్కరోజు పువ్వు లేకపోతే ఆయన ప్రాణం విలవిల్లాడేది. దానికో సిద్ధాంతం కూడా ఉంది. "కాగితంపూల పొదలూ గన్నేర్లూ ఇంట్లోవాళ్ళు. పెటూనియాలూ బంతులూ చుట్టాలు. చలికొస్తారు, ఎండ ముదిరితే చెప్పకుండా పోతారు. చుట్టాలు వెళ్ళేనాటికి ఇంట్లోవాళ్ళు ముస్తాబై ఉండాలి." జూలైలో పంపు నీళ్ళు కూడా చెయ్యి కాల్చేవి. అప్పుడూ తలకి తడిగుడ్డ చుట్టుకుని, బిళ్ళగన్నేరు కుండీల్ని గోడనీడకి జరుపుతూ అదే ప్రశ్న.

ఈ ఏప్రిల్‌లో యజమానురాలి కూతురి నిశ్చితార్థం తోటలోనే పెట్టుకున్నారు. పనివాళ్ళంతా 'మామా' అని పిలిచే ఆ యజమానురాలు వేలు చూపించి మరీ చెప్పింది. తెలుపూ ఊదా తప్ప మూడో రంగు పువ్వు కనపడిందా, పని ఖలాస్!

మద్దమ్మకి ముద్ద దిగలేదు. పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, మనిషి పిఠాపురం పోతాడు. "నేను పక్కనుండి చెప్తాలే అన్నా" అంది.

"అబ్బే, ఈ ఒక్కరోజుకీ నేనే చూసుకుంటాలే."

ఇక లాభం లేదనుకుని, ఆ రోజు తెల్లవారుతుండగానే తోటలోకి వచ్చింది. తప్పు కుండీలేవైనా ఉంటే తీసుకెళ్ళి వాషింగ్ మెషిన్ వెనకాల దాచేద్దామని ఆమె ఎత్తు. అక్కడ డ్రైవర్ ఖాజా హుస్సేన్ కుండీలు మోస్తున్నాడు. కుక్కుటేశ్వరరావు అజమాయిషీ చేస్తున్నాడు.

"అది తెలుపు కాదయ్యా ఖాజా, మీగడ రంగు! వెనక్కెట్టు. ఆ ఊదాలో వంకాయ ఛాయ ఉంది, పొద పక్కన నప్పదు."

మద్దమ్మ తోటంతా చూసింది. మూడో రంగు ఆకులకి తప్ప ఎక్కడా లేదు.

"అన్నా! నీకు రంగులు తెలుస్తాండాయే!"

ఖాజా నవ్వాడు. "ఈయప్పకు తెలియకపోవడమేంది? దారాల అంగట్లో కూర్చోబెట్టినా తప్పు చెప్పడు."

"మరి ఏడాదిన్నరగా నన్నెందుకు అడుగుతాండావు?"

కుక్కుటేశ్వరరావు నేలచూపులు చూశాడు. "నువ్వొచ్చిన కొత్తలో ఊరి సంగతి అడిగితే ఏడ్చావు. పిల్లల సంగతి అడిగితే ఏడ్చావు. తిన్నావా అన్నా ఏడ్చావు. పువ్వు రంగడిగితే ఎవరూ ఏడవరు కదా అని..."

"మరి ఎండాకాలంలో గూడా?"

"ఎండాకాలం దిగులు రాదేంటి? ఒక్కరోజు పువ్వు లేకపోతే, ఆ రోజు నిన్నేం అడగను చెప్పు?"

మద్దమ్మకి ఏడుపు రాలేదు, అది ఆమెకే ఆశ్చర్యం. సాయంత్రం మామా తోటంతా కలియతిరిగింది, పెదవి విరవలేదు. ఆవిడ విషయంలో అది సన్మానం కిందే లెక్క.

మర్నాడు ఏడింటికి కేక వినిపించలేదు. గుట్టు బయటపడ్డ సిగ్గుతో ఆయన తలెత్తకుండా, గోడవతల దాచిన ఎర్రగన్నేరు కుండీని మళ్ళీ దాని చోటికి చేరుస్తున్నాడు. మద్దమ్మకి ఆ పొద్దు ఏమీ బాగాలేదు. చెత్తబుట్ట కిందపెట్టి, వచ్చి కొమ్మ వంచింది.

"అన్నా, ఇదేం రంగు?"

ఆయన కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. "ఏమో, తెలీట్లేదు చెల్లెమ్మా. నువ్వే చెప్పాలి."

"ఆకుపచ్చ."

"ఆయ్, నేనూ అదే అనుకున్నాను" అని కుక్కుటేశ్వరరావు గన్నేరుకి నీళ్ళు పోశాడు.