పై మడుగు మాట

నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచీ నాకు పొగరు. తల్లాడ దగ్గర మా ఊళ్ళో పెళ్ళి శుభలేఖ మొదలు పంచాయతీ అర్జీ దాకా నా చేతే రాయించేవారు. డెబ్బైల చివర్లో పంతులు ఉద్యోగం వచ్చి, చండ్రుగొండ అవతల అడవిలో ఉన్న ఒక కోయగూడెం బడికి నన్ను వేసినప్పుడు, ఇంత మంచి దస్తూరిని అడవి పాలు చేస్తున్నారే అని నిజంగానే బాధపడ్డాను. ఊరు కాని ఊరు, ఒక్కడే పంతులు, ఒక్కటే గది, రోడ్డుకు రెండు గంటల నడక. ఇవేవీ కాదు, నా బాధంతా నా దస్తూరి గురించే. అప్పటి నేను ఎలాంటివాణ్ణో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు.

గూడెం పక్కనే వాగు. వానాకాలం దాటలేం. ఎండాకాలం నీళ్ళు తెగిపోయి ఎక్కడికక్కడ మడుగులు నిలుస్తాయి. గూడేనికి దగ్గర్లో అలాంటివి రెండు పెద్దవి ఉండేవి, కింది మడుగు, పై మడుగు. ఎండలు బాగా ముదిరాక, గూడెం పెద్దాయన చెప్పిన రోజున, అందరూ కింది మడుగు దగ్గర చేరేవాళ్ళు. అడవిలోంచి తెచ్చిన మంగకాయలు దంచి, ఆ పిప్పిని గంపల్లో వేసి నీళ్ళలో కలిపేవాళ్ళు. కాసేపటికి చేపలు మత్తెక్కి పైకి తేలేవి. వాటిని ఆడా మగా అంతా దిగి చేతుల్తో పట్టేవాళ్ళు. ఏడాదికి ఆ ఒక్కరోజే. మంచాన పడ్డవాళ్ళకీ, బాలింతలకీ కూడా ఇంటికి వాటా వెళ్ళేది. బడి పంతులుకీ ఒక ఆకు పొట్లం వచ్చేది. మా ఆవిడ ముందు ముక్కు మూసుకుంది గానీ, రెండో ఏడు నుంచి ఆ రోజెప్పుడని తనే అడిగేది.

పై మడుగును మాత్రం ఎవరూ ముట్టుకోరు. అందులో గాలం కూడా వేయరు. ఎందుకని ఒకసారి పెద్దాయన్ని అడిగితే, "కింద మడుగు మాది సారూ, మీద మడుగు చాపలది," అన్నాడు. వానలు పడి వాగు కలిసినప్పుడు పై మడుగు చేపలే కిందికి దిగి, ఖాళీ అయిన మడుగును మళ్ళీ నింపుతాయి. ఈ సంగతి నాకు బోధపడేసరికి రెండేళ్ళు పట్టింది. గూడెంలో నా బళ్ళో ఒకటో తరగతి పిల్లలకు కూడా అది తెలుసు.

ఎనభైల మొదట్లో వాగుకు ఎగువన ఒక అట్టల ఫ్యాక్టరీ పెట్టారు. ఎవరో బయటి షావుకారుది. వెదురూ వరిగడ్డీ ఉడకబెట్టి అట్టలు చేసేవాళ్ళు. ఉడకబెట్టిన నీళ్ళు వాగులోకే వదిలేవాళ్ళు. నీళ్ళు నల్లగా, పైన నురగ, పులిసిన గంజి వాసన. వాగు ఒడ్డున మడుగులకు నీడనిచ్చే వెదురు పొదల్ని మొదలంటా నరికి లారీలకెత్తారు. ఆ వేసవిలోనే పై మడుగు చేపలు నోళ్ళు తెరుచుకుని ఒడ్డుకొచ్చి చచ్చాయి. ఎవరూ ఏమీ కలపని మడుగులో చేపలు తేలడం పెద్దాయన తన జన్మలో చూడలేదట.

మర్నాడు పాఠం మధ్యలో వచ్చి బడి అరుగు మీద కూర్చున్నాడు.

"ఓట్లకొచ్చినాయనకు కాయిదం రాయాలె సారూ. నీ చెయ్యి మంచిదంటరు గదా."

"ఏం రాయమంటావు?" అన్నాను, లోపల పొంగిపోతూ.

"నల్లనీళ్ళు వాగుల ఇడవొద్దు. ఒడ్డుకు ఉన్న వెదురు కొట్టొద్దు. గీ రెండే." కాస్త ఆలోచించి మళ్ళీ అన్నాడు. "మేం చాపలు ఎట్ల పడ్తమో గది గూడ రాయి. రెండు మడుగుల సంగతి రాయి. మేం ముట్టని మడుగుల గూడ చాపలు సచ్చినయంటే, గప్పుడు వాళ్ళకు ఎరికైతది."

ఇప్పుడు తల్చుకుంటే వాదమంతా ఆ మాటలోనే ఉంది. ప్లీడరు కూడా అంతకన్నా బాగా చెప్పలేడు. నేను చెయ్యాల్సిందల్లా ఆయన నోటి మాట కాగితం మీద పెట్టడం.

నేను అలా ఎందుకు చేస్తాను? నా పాండిత్యమంతా తీశాను. "మా పూర్వీకుల కాలము నుండి వేసవియందు ఒక్క దినము మాత్రము మంగకాయలు దంచి మడుగునందు కలిపి, మత్తెక్కిన మత్స్యములను సమముగా పంచుకొని భుజించు ఆచారము కలవారము" అని రాశాను. తర్వాత పై మడుగు గురించి రాశాను. చివర్లో వనమాత కన్నీరు కార్చుచున్నదనీ, మీనములు తమరి పాదములను ఆశ్రయించుచున్నవనీ ఒక పేరా పెట్టాను. మొత్తం రెండో పేజీలోకి వెళ్ళింది. అర్జీ ఒక్క పేజీలో ఉండాలి, పేజీ తిప్పే ఓపిక పెద్దవాళ్ళకు ఉండదని మా ఊరి కరణం దగ్గర నేర్చుకున్నాను. ఏదో ఒకటి తీసెయ్యాలి. పై మడుగు ఉంచితే వనమాత పోవాలి, వనమాత ఉంచితే పై మడుగు పోవాలి.

నేను పై మడుగు కొట్టేశాను. ఏదో తొందర్లో కాదు. రెండుసార్లు చదువుకుని, వనమాత లేకపోతే అర్జీకి అందం లేదని తేల్చుకుని, కొట్టేశాను.

శుభ్రంగా తిరగరాసి మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను. "బాగుంది గానీ ఆఖర్న నాటకంల పద్యం లెక్క ఉంది," అంది. అది మెచ్చుకోలే అనుకున్నాను. మర్నాడు బడి అరుగు మీద స్టాంపు ప్యాడ్ పెడితే, గూడెంలో పెద్దవాళ్ళంతా వరసగా వచ్చి వేలిముద్రలు వేసి, సిరా మరకను తలవెంట్రుకలకు తుడుచుకుని వెళ్ళారు. పెద్దాయన తన వంతు వచ్చినప్పుడు, "ఒకపాలి సదువు సారూ," అన్నాడు.

"నువ్వు చెప్పిందే గదా రాసింది. జల్దీ కానియ్యి, బడి టైమైతంది," అన్నాను.

ఆయన వేలు ఒత్తాడు.

ఓట్లప్పుడు గూడేనికొచ్చిన ఆ నాయకుడు బూర్గంపాడు సర్కారు బంగళాకు వచ్చినరోజు గూడెం నుంచి పదిమంది బయల్దేరారు. నేనూ సెలవు చీటీ రాసిపెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట వెళ్ళాను. సర్కారు నౌకరుణ్ణి, అర్జీల్లో వేలు పెట్టకూడదు, అందుకని వెనక వరసలో నిలబడ్డాను. అదంతా పైకి. లోపల మాత్రం, ఆయన కాగితం చదివి "ఎవరు రాసిండ్రయ్యా ఇంత మంచిగ?" అని అడుగుతాడనీ, నేను మొహమాటపడుతూ ముందుకు వస్తాననీ దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు. అర్జీ తీసుకుని గొంతు సవరించుకుని, మొదటి నుంచి చివరిదాకా అందరికీ వినపడేలా చదివాడు. వనమాత దగ్గర ఆయన గొంతు కూడా కాస్త పెరిగింది. చదవడం అయిపోయాక పెద్దాయన వెనక్కి తిరిగి ఒక్కసారి నా వైపు చూశాడు. నా రాత చూసి మురిసిపోయాడనుకున్నాను. అంత మూర్ఖుణ్ణి.

పక్క కుర్చీలో ఫ్యాక్టరీ మేనేజరు కూర్చుని ఉన్నాడు. కాగితం అడిగి తీసుకుని, ఒక చోట వేలు పెట్టాడు.

"వీళ్ళే రాసుకున్నారు చూడండి, మడుగులో మందు కలిపి చేపల్ని పడతామని. కలిపేది వీళ్ళు, చచ్చేది చేపలు, మధ్యలో మా ఫ్యాక్టరీ నీళ్ళేం చేశాయండీ?"

నాయకుడు కాగితం మళ్ళీ తీసుకుని ఆ వాక్యం చదివాడు. మొహం మారిపోయింది.

"ఎవరు రాసిండ్రు గిది?"

నేను ఎదురుచూసిన ప్రశ్నే. నేను నా చెప్పుల వైపు చూశాను.

పెద్దాయన లేచాడు. "నేనే చెప్పి రాయించిన అయ్యా."

"ఎవరితోని?"

"బజార్ల ఒకాయనతోని."

అబద్ధం ఆడడం ఆయనకు చాతకాదు. ఆ మాట అనడానికి చాలాసేపు పట్టింది. అంతలో నాయకుడి చూపు వెనక వరసలో ఇస్త్రీ చొక్కా మీద పడింది.

"నువ్వు ఆ ఊరి బడి పంతులువి గదా? సదువుకున్నోడివి, నువ్వు చెప్పు. వీళ్ళు మందు కలుపుతరా, లేదా?"

పదిమందీ నావైపు తిరిగారు. పెద్దాయన నిలబడే ఉన్నాడు.

"కలుపుతారండీ," అన్నాను.

ఆ నాయకుడి మీద నేను నేరం మోపలేను. ఆయన "ఇంకేమన్న ఉన్నదా?" అని కూడా అడిగాడు.

"ఏం లేదండీ," అన్నాను.

ఉద్యోగానికి భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. పై మడుగు సంగతి చెబితే, మరి కాగితంలో ఎందుకు లేదని అడుగుతారు. అడిగితే కొట్టేసింది నేనని బయటపడుతుంది. గూడెం ముందు, నాయకుడి ముందు, ఆ మేనేజరు ముందు నా రాత తప్పయిందని తేలుతుంది. ఆ ఒక్క పరువు కోసం నోరు మూసుకున్నాను. భయపడ్డవాణ్ణి జనం క్షమిస్తారేమో. నేను చేసింది భయం కూడా కాదు, అందుకే నాకు ఇంత సిగ్గు.

"ముందు మీరు మందు కలుపుడు బందు పెట్టుండ్రి. ఫ్యాక్టరీ సంగతి తర్వాత చూద్దాం," అని నాయకుడు లేచాడు. తిరుగు బస్సులో పెద్దాయన పంచె కొంగులో మూటగట్టుకుని తెచ్చిన తునికి పళ్ళు తీసి, అందరికన్నా ముందు నాకే ఇచ్చాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పళ్ళు తీసుకుని తిన్నాను.

మరుసటి వేసవిలో కింది మడుగు దగ్గర ఒక గార్డును కాపలా పెట్టారు. ఎవరూ మంగకాయలు దంచలేదు. నల్లనీళ్ళకు మాత్రం కాపలా లేదు, అవి వస్తూనే ఉన్నాయి. ఇంకో ఏడాదికి రెండు మడుగుల్లోనూ కప్పలు తప్ప ఏమీ మిగల్లేదు. గూడెం వాళ్ళు రెండో అర్జీ రాయమని వచ్చారు. "రూల్స్ ఒప్పుకోవు," అన్నాను. ఆ రాత్రే ఇంకో కాగితం మీద, అదే దస్తూరితో, పిల్లల చదువు కారణంగా నన్ను తల్లాడ వైపు బదిలీ చెయ్యమని రాసుకున్నాను. నా అర్జీ మంజూరైంది.

మళ్ళీ ఆ గూడెంలో అడుగుపెట్టింది తొంభైల మధ్యలో, ఎలక్షన్ డ్యూటీ పడి. కావాలని వెళ్ళలేదు, పంపిస్తే వెళ్ళాను. ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. షావుకారుకు నష్టం వచ్చి వెళ్ళిపోయాడట, ఎవరి అర్జీ వల్లా కాదు. వాగు ఒడ్డున వెదురు మోకాలెత్తు మొలిచింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఎంతసేపు చూసినా చేప ఎగరలేదు.

పెద్దాయన ఉన్నాడు. కళ్ళు మసకబారాయి గానీ గొంతు గుర్తుపట్టాడు. "సారూ, మంచిగున్నవా?" అని మంచం మీద చోటు చూపించాడు. నేను కూర్చోలేదు. ఇంత ఆలస్యంగా చెప్పడం కూడా నా మనసు తేలికపడడానికే అని తెలుసు, అయినా చెప్పాను. కాగితంలో పై మడుగు మాట కొట్టేసింది నేనేనని, మరిచిపోయి కాదని, రాత అందం కోసం తీసేశానని.

"ఎరికే సారూ," అన్నాడు. "ఆయన మొత్తం సదివిండు గదా. మీద మడుగు మాట రాలే. గప్పుడే ఎరికైంది."

"మరి నువ్వే చెప్పకపోయావా, పెద్దాయనా?"

"చెప్దామనే లేచిన. ఆయనేమో నిన్ను అడిగిండు. మేం చెప్తే ఇనరు, నువ్వు చెప్తే ఇంటరు. చెప్తవని ఊకున్న."

ఆయన మంచం పట్టెను తడుముకుంటూ, నన్ను తప్పుపట్టే ఉద్దేశం ఏమాత్రం లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"బస్సెక్కేదాక సూసిన సారూ. మళ్ల ఎనక్కి పోయి చెప్తవేమోనని."

బంగళా నుంచి బస్సుల దగ్గరికి చాలా దూరం. ఆ దూరమంతా నా నోరు నా దగ్గరే ఉంది.